గాలి మోసిన పద్దెనిమిది గ్రాములు

పోయిన వారం రాహేలు నా వాకిట్లో చెప్పులు కూడా విడవకుండా నిలబడి, ఒక మాట చెప్పి వెళ్ళిపోయింది. కథలో అక్కడ ఆగాం.

ఆ మాట ఇది. రాహేలు కూతురు షారోన్ మూడు నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఊపిరితిత్తులకు జబ్బు చేసి మిషనాసుపత్రిలో పదకొండు రోజులు ఉంది. బిడ్డ బతికితే నర్సును చేసి నీ సేవకే ఇస్తానని రాహేలు మంచం పక్కన మోకరించి దేవుడికి మొక్కుకుంది. తర్లుపాడు దగ్గర వాళ్ళ పల్లెలో సంఘమంతటికీ ఈ సంగతి తెలుసు. షారోన్‌కూ తెలుసు. తెలియనివాణ్ణి నేనొక్కడినే. తెలియకనే, పదో తరగతి పరీక్షలు రాసి వచ్చిన ఆ పిల్లకు ఏప్రిల్ నుంచి పొద్దునపూట ఫిజిక్స్ చెబుతున్నాను. "విమానాలు తయారు చేసే చదువు చదవాలంటే యాడ మొదలుపెట్టాలి సార్?" అని అడిగితే, "ఇక్కడే" అని న్యూటన్ దగ్గర మొదలుపెట్టాను.

ఇప్పుడు ఇంటర్లో చేరే దరఖాస్తులో ఒక్క గడి ఖాళీగా ఉంది. అందులో ఎంపీసీ అని రాస్తే షారోన్ కోరుకున్న దారి. బైపీసీ అని రాస్తే వాళ్ళమ్మ మొక్కిన దారి. కాగితం సోమవారం ఇచ్చెయ్యాలి. కింద తండ్రి సంతకం కావాలి. ఆ తండ్రి విశ్వాసం. పలకల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళుగా రాయి చీలుస్తున్న మనిషి. భార్య చెప్పిందంతా విని, కూతురు ఏడ్చిందంతా చూసి, ఒక్కటే మాట అన్నాడట.

"ఆదివారం ఆరాధన అయినాక సారింటికి పోయి, ఆ చదువేందో నా కండ్లతో నేనే చూస్తా. చూసినాక రాస్తా."

ఇక ఆదివారం సంగతి.

*

మే నెల ఆదివారం, మధ్యాహ్నం పన్నెండున్నర. మార్కాపురంలో ఆ వేళ కరెంటు ఉంది. ఇది చిన్న సంగతి కాదు. ఆ రోజు మా పరీక్ష అంతా ఒక టేబుల్ ఫ్యాను మీద నడవాలి.

షారోన్ పదింటికే ఆటోలో వచ్చేసింది. పిల్లల ఆరాధన ఏడింటికే అయిపోతుందట. వరండాలో బల్ల వేసి, ఒక చివర ఫ్యాను పెట్టింది. ఫ్యాను గాలి సుడులు తిరుగుతూ వస్తుంది గనుక దాని ముందు ఒక అట్టపెట్టె. దాన్నిండా కూల్‌డ్రింకు గొట్టాలు, మూడువందల దాకా, పక్కపక్కనే పేర్చినవి. వాటిలోంచి దూరి వచ్చేసరికి గాలి బుద్ధిగా తిన్నగా వస్తుంది. ఆ గొట్టాలు పేర్చడానికి షారోన్‌కు నాలుగు రోజులు పట్టింది. పెట్టెకు ఇవతల కోటేశ్వర్లు కిరాణా దుకాణంలోని తూకం మిషను. ఆదివారం మధ్యాహ్నం దుకాణం కట్టేస్తాడు కాబట్టి, నాలుగింటికల్లా తిరిగిచ్చే షరతు మీద ఇచ్చాడు. తూకం మీద చెక్కదిమ్మె, దిమ్మెలో గుచ్చిన సైకిలు పుల్లలు, ఆ పుల్లల మీద రెక్క.

రెక్క అంటే జానెడున్నర పొడుగు థర్మాకోల్ ముక్క. ముందువైపు గుండ్రంగా, వెనకవైపు సన్నగా గీకి, దాని మీద డ్రాయింగు కాగితం రెండు పొరలు మైదా జిగురుతో అతికించింది. ఫ్యాను ఆపి ఉంటే దిమ్మె, పుల్లలు, రెక్క అన్నీ కలిపి తూకం 412 గ్రాములు చూపుతుంది. శుక్రవారం ఇదే తూకాన్ని ఒక్క గంటకు అడిగి తెచ్చి ఫ్యాను వేస్తే 394కు తగ్గింది. ఆ పద్దెనిమిది గ్రాములు చూసి షారోన్ వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు మూడుసార్లు పరుగెత్తింది. నేను పరుగెత్తలేదు గాని, ఆ సాయంత్రం రెండు కప్పులు కాఫీ కలిపాను. రెండోది మా ఆవిడ కామేశ్వరికి. ఆమె పోయి నాలుగేళ్ళయింది. మంచి సంగతి చెప్పవలసి వచ్చినప్పుడు ఇప్పటికీ చెయ్యి రెండు కప్పులు తీస్తుంది. ఆ రెండోది కూడా నేనే తాగేస్తాను.

గేటు చప్పుడైంది. తెల్లచొక్కా, తలకు కొబ్బరినూనె, జేబులో నాలుగు మడతల దరఖాస్తు. విశ్వాసం ఒక్కడే.

"రాహేలు రాలేదా?"

"స్త్రీల కూడిక ఉంది సార్. అయినాక వస్తానన్నాది."

చెప్పులు విడిచి వరండాలోకి అడుగుపెట్టి, నాలుగడుగులు నడిచి, ఆగి, కాలి మడమతో నేలను ఒకసారి తట్టాడు.

"ఈ బండలు మా క్వారీవే సార్. ఈ మూలది మాత్రం కింద పట్టు ఇడిసింది. బరువు పెట్టొద్దు."

నాకు నవ్వొచ్చింది. "మా ఆవిడ ఇరవయ్యేళ్ళు ఆ బండ ఏదోగా మోగుతోందని చెబుతూనే ఉండేది. నేను నమ్మలేదు."

"అమ్మ చెవి మంచిది సార్," అన్నాడు విశ్వాసం.

నాలుగేళ్ళలో ఎందరో వచ్చి కామేశ్వరి గురించి మంచి మాటలు చెప్పిపోయారు. వాటిలో ఇంత చిన్నది, ఇంత నిజమైనది ఇంకోటి లేదు.

కుర్చీ చూపిస్తే అంచున కూర్చున్నాడు. షారోన్ చేతులు వెనక కట్టుకుని, పాఠం అప్పజెప్పే పిల్లలాగా నిలబడింది.

"చెప్పు పాపా," అన్నాడు.

"ఇది రెక్క నాయనా."

"తెలుస్తానే ఉంది."

"విమానంలో ఎత్తేది ఇంజను కాదు. ఇంజను ముందుకు తోస్తాది, అంతే. ఎత్తేది రెక్క."

"పక్షి రెక్క అల్లాడిస్తాది. ఇది అల్లాడదే?"

"అల్లాడక్కర్లే. ముందుకు పోయేటప్పుడు గాలిని కిందికి తోస్తాది. అది గాలిని కిందికి తోస్తే, గాలి దాన్ని పైకి తోస్తాది. న్యూటన్ మూడో సూత్రం."

"ఇది ముందుకు యాడ పోతాంది? కూచోనే ఉండాదే?"

షారోన్ నా వంక చూసింది. నేను పైకప్పు వంక చూశాను. ఈ ప్రశ్నకు జవాబు ఆమె దగ్గరుంది.

"అది గాలిలోకి పోయే బదులు, గాలినే దాని మీదికి తెస్తన్నాం నాయనా. రెండూ ఒకటే."

విశ్వాసం కాసేపు ఆలోచించాడు. "రాయిని రంపం కాడికి తోసినా, రంపాన్ని రాయి కాడికి తోసినా, కోత ఒకటే. అట్లనా?"

"అట్లనే!" అంది షారోన్. ఆ గొంతులో ధైర్యం అప్పుడొచ్చింది. నేను ముప్పయ్యేళ్ళు కాలేజీలో పాఠం చెప్పాను. ఇంత పొట్టిగా, ఇంత సరిగ్గా ఆ ముక్క ఏనాడూ చెప్పలేదు.

"ఇప్పుడు 412 ఉంది కదా నాయనా. చూస్తా ఉండు," అని ఫ్యాను వేసింది.

హోరుమని గాలి. పెట్టెలో గొట్టాలు సన్నగా ఈల వేశాయి. తూకం మీద అంకె కదిలింది. 411. 408. 411. 409. అక్కడక్కడే తారాడింది.

షారోన్ ఫ్యాను ఆపి మళ్ళీ వేసింది. 410. రెక్క వంపు కొంచెం మార్చి వేసింది. 409. పెట్టె సర్ది వేసింది. 411.

"శుక్రవారం వచ్చింది నాయనా. నిజంగా వచ్చింది. సార్ కూడా చూసినారు."

"చూశాను విశ్వాసం. తూకంలో ఏమైనా తేడా ఉందేమో."

"కోటేశ్వర్లన్న తూకమా? అది తగ్గి చూపడం నేనెప్పుడూ చూడలే సార్," అన్నాడు విశ్వాసం. వెక్కిరింపుగా కాదు, పిల్ల నవ్వుతుందేమోనని. పిల్ల నవ్వలేదు. ఫ్యాను ఆపి, దాని వెనక్కి తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి.

విశ్వాసం ఆ భుజాలనే చూస్తూ జేబులోంచి దరఖాస్తు తీసి, మడతలు విప్పాడు.

"సార్, పెన్నుందా?"

"ఉండాలి. లోపల ఎక్కడో... వెతకాలి."

"మీ జేబులోనే ఉండాది సార్."

అబద్ధం ఆడటానికి కూడా కొంత అలవాటు కావాలి. పెన్ను తీసిచ్చాను.

"నాయనా," అంది షారోన్, తిరగకుండానే.

"ఏడవాకు పాపా. నువ్వు కష్టపడినావు. అది నాకు కనపడింది. ఆ గొట్టాలు పేర్చినావే, మా ఫ్యాక్టరీలో అంత ఒబ్బిడిగా పేర్చేవాడు ఒక్కడు లేడు. గానీ మీ అమ్మ పదిహేనేండ్ల నుంచి ఒక మాట మీద ఉండాది. ఆ మాట ముందర పెట్టేదానికి నాకూ ఏదో ఒకటి ఉండాల కదా."

కాగితం బల్ల మీద పెట్టాడు. చోటు చాలలేదు. రెక్కను పుల్లల మీద నుంచి జాగ్రత్తగా ఎత్తి పక్కకు జరిపాడు. జరపడంలో చూపుడువేలి గోరు దాని వీపుకు తగిలింది.

టప్.

విశ్వాసం చెయ్యి ఆగింది. తల కొంచెం కుడికి వంచాడు. అతని కుడి చెవి ఎప్పుడూ మనిషికంటే ముందు నడుస్తుంది. గోటితో మళ్ళీ తట్టాడు, ఈసారి కావాలని. టక్. ఒక అంగుళం ఇవతలికి. టక్. ఇంకో అంగుళం. టప్.

"పాపా, ఇట్ల రా."

షారోన్ కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇను. ఇది బతికి ఉండాది." టక్. "ఇది సచ్చిపోయింది." టప్. "తెలుస్తాందా?"

"తెలీడం లేదు."

"కండ్లు మూసుకోని ఇను."

కళ్ళు మూసుకుంది. తండ్రి తట్టాడు. టక్. టక్. టప్.

"అది!" అంది.

"అదే. పైపొర లోపల లేసిపోయింది. కంటికి కనపడదు. ఫ్యాను గాలి తగిలినప్పుడు అది ఉబ్బుతాది. ఉబ్బితే నువ్వు గీకిన ఒంపు యాడుంటాది?"

నా పెన్ను అతని చేతిలోనే ఉంది. దానితో దరఖాస్తు మీద కాదు, రెక్క మీద గీత గీశాడు. తట్టుతూ, వింటూ, గీస్తూ పోయాడు. చివరకు రెక్క వీపు మీద అరచేయంత మచ్చ తేలింది, చెరువు మ్యాపులాగా.

"జిగురు బాగనే పెట్టినావు. ఎట్ల ఊడింది? దీని మీద నీళ్ళేమన్నా పడినాయా?"

షారోన్ తల వంచుకుంది. "నీళ్ళు పడలే. నిన్నటి ఎండకు వంకరపోతాదని భయమేసి, తడిగోనె కప్పినా."

"తడిగోనెనా?"

"నువ్వు రాళ్ళ మీద కప్పుతావు కదా నాయనా, ఎండకు చెడిపోకుండా."

విశ్వాసం నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి నవ్వడం మొదలుపెట్టాడు. రెండు నెలలుగా నేనతని ఇంటి సంగతులు వింటున్నాను గాని అతని నవ్వు వినడం అదే మొదటిసారి. కుర్చీ అంచు నుంచి జారిపోతాడేమో అనిపించింది.

"ఓసి పిచ్చితల్లీ! రాయికి తడి కప్పేది అది అతుక్కోని ఉండేదానికి కాదు, పొరలు ఇడిపోయేదానికి! రాయి ఎండిందంటే ఇంక ఉలి దిగదు. అందుకని తడిపి పెడతాం. నువ్వు కష్టపడి అతికినదానికి పోయి చీల్చే మందు ఏసినావు!"

షారోన్ మొదట బిత్తరపోయింది. తర్వాత ఆమె కూడా నవ్వింది. ఏడ్చిన ముఖం మీద ఆ నవ్వు చూసి నేనూ నవ్వాను. విమానాల గురించి చదివేవాళ్ళు లోకంలో ఎందరో తప్పులు చేసి ఉంటారు. రాయి చీల్చేవాడి కూతురు తప్ప ఇంకెవ్వరూ చెయ్యలేని తప్పు ఇది.

"మళ్ళీ జిగురు పెడితే ఆరడానికి రేపటి దాకా పడుతుంది," అన్నాను.

"గుండుసూదులు ఉంటే చాలు సార్. మచ్చ చుట్టూ దించితే కదలకుండా ఉంటాది," అన్నాడు విశ్వాసం.

గుండుసూదులు. లోపలికి వెళ్ళాను. బీరువా కింది అరలో కామేశ్వరి కుట్టుపని డబ్బా, బిస్కెట్ల డబ్బా, ఉంది. నాలుగేళ్ళుగా దాని మూత తియ్యలేదు. తీస్తే ఏదో అయిపోతుందనుకునేవాణ్ణి. ఏమీ కాలేదు. తెల్లదారం ఉండ, రెండు హుక్కులు, ఒక చీటీ మీద వరసగా గుచ్చిన సూదులు. పూసతలలవి. చీటీ తీసుకుని మూత పెట్టేశాను. ఆమె ఉంటే "ఎన్ని కావాలి?" అని కూడా అడిగేది కాదు, చీటీ మొత్తం ఇచ్చేసేది.

తండ్రి చెవితో చెప్పిన చోట కూతురు సూది దించింది. పదకొండు సూదులు పట్టాయి. రెక్కను మళ్ళీ పుల్లల మీద పెట్టారు. సూదుల బరువు కలిస్తే 413 అయింది. షారోన్ నోటు పుస్తకంలో 412 కొట్టేసి 413 రాసింది. అది చూసి, ఆ ఒక్క గ్రామును వదలనందుకు, నేను లోలోపల సంతోషపడ్డాను.

ఫ్యాను వేసింది.

409. 403. 398. 396. 395.

నిలిచింది.

విశ్వాసం లేచి వచ్చి తూకం ముందు గొంతుక్కూర్చున్నాడు. అంకెను చూశాడు. రెక్కను చూశాడు. రెక్క కింద చెయ్యి పెట్టి తీశాడు, ఎవరైనా పట్టుకున్నారేమో అన్నట్టు.

"పద్దెనిమిది గ్రాములు యాడికి పోయింది?"

"యాడికీ పోలే నాయనా," అంది షారోన్ మెల్లగా. "గాలి మోస్తాంది."

విశ్వాసం తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "కంటికి కనపడనిది మోస్తాదని వారం వారం ఇంటానే ఉండా. తూకం ఏసి చూపించినవాళ్ళు మాత్రం లేరు."

"నాయనా! చర్చిలో అయ్యగారు ఇంటే ఊరుకోడు."

"అయ్యగారికి నేను చెప్పను, నువ్వూ చెప్పాకు."

అప్పుడు షారోన్‌కు ఏదో తట్టింది. సంచిలోంచి లావు నోటు పుస్తకం తీసి గబగబా పేజీలు తిప్పింది. విమానాల గురించి ఎక్కడ ఏం కనబడినా అందులో రాసుకుంటుంది, అర్థమైనా కాకపోయినా. అర్థం కానివాటి పక్కన చిన్న సున్నా చుడుతుంది. అర్థమైన రోజు ఆ సున్నాలో టిక్కు పెడుతుంది.

"ఇదో నాయనా, ఇది ఇను. మార్చిలో రాసుకున్నా. 'ఇప్పటి విమానాల రెక్కలు చాలావరకు పలుచని పొరలు ఒకదాని మీద ఒకటి అతికి చేస్తారు. లోపలి పొర ఎక్కడైనా ఊడితే బయటికి కనపడదు. పెద్ద యంత్రాలతో పాటు, పరీక్ష చేసేవాళ్ళు చిన్న సుత్తితో గాని నాణెంతో గాని పైన తట్టి, చప్పుడు విని కనుక్కుంటారు. గట్టిగా ఉన్నచోట ఒక చప్పుడు, ఊడినచోట ఇంకో చప్పుడు.'" తలెత్తింది. "ఇక్కడ సున్నా చుట్టినా. నాకు అర్థం కాలే అప్పుడు. చప్పుడుతో ఎట్ల తెలుస్తాది అనుకున్నా."

విశ్వాసం నా వంక తిరిగాడు. "నిజమేనా సార్? విమానానికా?"

"నిజమే."

"అంత పెద్ద విమానానికి, మా మాదిరి తట్టి ఇంటారా?"

"తట్టి వింటారు. ఆ పని నేర్చుకోవడానికి నెలల తరబడి శిక్షణ కూడా ఇస్తారు."

విశ్వాసం తన చూపుడువేలి గోరును చూసుకున్నాడు. రాతిపొడి ఎన్ని ఆదివారాలు కడిగినా పోని గోరు అది. షారోన్ పెన్ను తీసుకుని ఆ సున్నాలో టిక్కు పెట్టింది. దాని పక్కన ఏదో రాసింది. తర్వాత నేను చూశాను. "నాయన చెప్పినాడు" అని రాసుకుంది.

*

కుండలోని నీళ్ళు ముగ్గురం తాగాం. ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంది. దాన్ని ఆపబుద్ధి కాలేదు ఎవ్వరికీ. విశ్వాసం గ్లాసు కింద పెట్టి, ఆ రెక్కనే చూస్తూ మొదలుపెట్టాడు.

"పాపకు మూడో నెల సార్. ఆసుపత్రిలో డాక్టరమ్మ బోర్లా పండబెట్టుకోని, ఈపు మీద ఒక వేలు ఆనించి, ఇంకో వేలితో దాని మీద తట్టింది. పైన తట్టింది, మోగింది. కింద తట్టింది, మోగలే. ఆమె అప్పటికి మాకేం చెప్పలే. నర్సమ్మతో ఇంగ్లీషులో ఏందో అంటాంది. నాకు మాత్రం అప్పటికే తెలిసిపోయింది. ఆ చప్పుడు నేను రోజుకు నూరుసార్లు ఇంటా సార్. ఆ చప్పుడొచ్చిన రాయిని పక్కకు పారేస్తాం."

షారోన్ నీళ్ళ గ్లాసు చేతిలో పట్టుకుని కదలకుండా నిలబడింది. ఈ సంగతి ఆమె ఎన్నడూ వినలేదని చూస్తేనే తెలుస్తోంది.

"పదకొండో రోజు మళ్ళీ తట్టింది. కింద కూడా మోగింది. ఆమె ఇంకా నవ్వలే. నేనే ముందు నవ్వినా. ఏమయ్యా నవ్వుతావు అనింది. ఏం చెప్తా?"

"నాకెప్పుడూ చెప్పలే నాయనా."

"రాతితో పోల్చి బిడ్డ కథ ఏం చెప్పేది, అనుకున్నా."

నేను అడిగాను. "ఆ పదకొండు రోజుల్లోనే కదా రాహేలు మొక్కుకుంది?"

"నాలుగో రోజు. ఆ నర్సమ్మ రెప్ప వాల్చకుండా పాప దగ్గర కూచుంది సార్. రాహేలు ఆమెను చూసే ఆ మాట అనింది. ఆ మాటలో తప్పేం లేదు. మంచానికి ఆ పక్క రాహేలు మోకాళ్ళేసింది, ఈ పక్క నేను ఏసినా. ఆమె పైకి అనింది. అయ్యగారు ఇన్నాడు, మా అత్త ఇన్నాది, అందరూ ఇన్నారు. మొక్కు అంటే అదే అయిపోయింది." రెక్క వంక చూశాడు. "నేనూ మొక్కినా సార్. లోపల. నాది వేరే మొక్కు."

"ఏందయ్యా?"

ముగ్గురం తిరిగి చూశాం. గేటు లోపల రాహేలు నిలబడి ఉంది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో బైబిలు సంచి. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. ఫ్యాను హోరులో గేటు చప్పుడు వినపడలేదు. కూడికలో పాటలు పాడి వచ్చిన మనిషి, గొంతు కొంచెం బొంగురుపోయి ఉంది.

"పదిహేనేండ్లు ఒక కంచంలో తింటన్నాం. నాకు చెప్పనిది ఈ సారు వరండాలో చెప్తన్నావా?"

"రామ్మా, నీడకు రా," అన్నాను.

వచ్చింది. ఈసారి చెప్పులు విడిచింది. కుర్చీ చూపించినా కూర్చోకుండా, బండ మీద మెట్టుకు ఆనుకుని కూర్చుంది. బల్ల మీది దరఖాస్తు చూసింది. గడి ఇంకా ఖాళీగా ఉంది. దాని పక్కన తూకం, దాని మీద పూసతలల సూదులు గుచ్చిన రెక్క. అది ఏమిటని అడగలేదు.

"చెప్పు. ఏం మొక్కినావు?"

"పాప ఉండాది," అన్నాడు విశ్వాసం.

"దాని పేరు మీద మొక్కినప్పుడు అది ఇంటే తప్పేంది?" ఆమె మాటలో కోపం కంటే అలసట ఎక్కువ ఉంది. అలసట కింద, నేను పొరబడకపోతే, ఒక ఆశ కూడా ఉంది. పదిహేనేళ్ళుగా ఒక్కతే మోస్తున్న మాటకు ఇంకో చెయ్యి తోడు ఉండిందేమోనన్న ఆశ.

"లోపలికి పోయి కూచో పాపా."

"నేను పోను నాయనా," అంది షారోన్.

ఆ పిల్ల తండ్రికి ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదలు. చెప్పి, ఫ్యాను దగ్గరకు నడిచి, మీట నొక్కింది. అమ్మానాన్నల మాటలకు ఆ హోరు అడ్డు రాకూడదనుకుందేమో. గాలి తగ్గింది. గొట్టాల ఈల ఆగింది. తూకం మీద అంకె ఒక్కొక్కటిగా పైకి ఎక్కింది. 399. 406. 411. చివరకు 413 దగ్గర నిలిచింది. గాలి మోసినంతసేపు మోసి, బరువును మళ్ళీ కిందికి దించేసింది.

"నువ్వు బిడ్డను ఇస్తానన్నావు రాహేలూ," అన్నాడు విశ్వాసం. "నేను ఇయ్యనన్నా. ఆ మాటే అన్నా ఆయనతో. బిడ్డను మాత్రం నన్నడగొద్దు, దాని బదులు ఇంకొకటి ఇస్తా, అన్నా."

రాహేలు ఒళ్ళో సంచిని రెండు చేతులతో పట్టుకుంది.

"ఇచ్చినావా?"

"ఇయ్యలే. బిడ్డ పై చదువుకు పోయే ఏడు ఇస్తానని మాట. అది ఈ ఏడే."

"ఏంది అది? ఏం ఇస్తానన్నావు?"

విశ్వాసం కుడిచేతిని వేళ్ళు చాపి బల్ల మీద, దరఖాస్తు పక్కన, బోర్లా పెట్టాడు. రాయి చీల్చే చెయ్యి, ఇందాక రెక్కను తట్టిన చెయ్యి. దాన్ని, ఎవరికో అప్పజెప్పబోయే వస్తువును ఆఖరుసారి చూసుకున్నట్టు చూసుకున్నాడు.